ఒలికిన పంచదార

బిస్కెట్ల డబ్బాలో ఇరవై ఏడు బ్యాడ్జీలు.
ఒకటి నాది కాదు.
నావాటిలో తొమ్మిదింటి మీద పేరు తప్పు.
ఎదెల్మీర అని రాయడం అంత కష్టమా అని
దీవుల బడిపంతుళ్ల సదస్సుకి వెళ్ళిన ప్రతిసారీ
కాస్త్రో ఊళ్లో ఆ రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర గొణుక్కున్నాను.
గొణుక్కుంటూనే మెడలో వేసుకున్నాను.

మా దీవికి ఒకటే బడి. బడికి ఒకటే గది.
గదికో పొయ్యి, పొయ్యి పక్కన నేను:
పంతులమ్మని, హెడ్మాస్టర్ని, కట్టెలు మోసే మనిషిని.
పదకొండు మంది పిల్లలు, ఆరు తరగతులు.
పాఠం బాగుందో లేదో చెప్పేందుకు
వాన తప్ప ఎవరూ కిటికీ తట్టేవారు కాదు.
అదీ ఏడాది పొడుగునా ఒకే మాట చెప్పేది.

మొదటిసారి వెళ్ళింది, నిజం చెప్పొద్దూ, భోజనం కోసం.
సర్టిఫికెట్ కోసం. రెండు రాత్రులు
ఎవరి ముక్కూ తుడవకుండా నిద్రపోవడం కోసం.
శాంతియాగో నుంచి వచ్చిన పెద్దాయన
తెరమీద బాణం గుర్తులు చూపిస్తూ గంటన్నర మాట్లాడాడు.
ఒక్క బాణమూ మా దీవి దాకా రాలేదు.

టీ కోసం వరసలో నా ముందు
రొసాల్బా మాన్సీయా, వేరే దీవి మనిషి,
కోటుకి తడిసిన గొర్రెబొచ్చు వాసన.
ఏం మాట్లాడాలో తోచక చెప్పాను:
నోల్బెర్తో అని ఒకడున్నాడు, ఎనిమిదేళ్లు,
పొట్ట ముందుకున్న అక్షరాన్నీ వెనక్కున్న అక్షరాన్నీ
ఒకటే అంటాడు, ఒట్టి బద్ధకం,
చెవి మెలిపెట్టినా దారికి రాడు.
ఆమె ఓ క్షణం నా చెవి వైపు చూసింది.
తర్వాత బల్లమీద ఒలికిన పంచదారలో
వేలితో ఒక గీత, గీతకో పొట్ట.
"కంటికి చెప్పకు. చేతికి చెప్పు."
గంట కొట్టారు. టీ చల్లారింది.
మేమిద్దరం లోపలికి వెళ్ళలేదు.

ఆ వారం సముద్రం వెనక్కి తగ్గినప్పుడు
తడి ఇసుకలో వాడి చేయి పట్టుకుని
మనిషంత పొడుగు అక్షరాలు దున్నాను.
గుల్లలు ఏరుకునే ఆడవాళ్లు పని ఆపి
పంతులమ్మకి మతి చెడిందనుకున్నారు.
అద్భుతమేం జరగలేదు. ఓ శీతాకాలం పట్టింది.
వాడి చెవికి క్షమాపణ చెప్పడానికి మాత్రం
నాకు నాలుగేళ్లు పట్టింది.

మధ్యలో అయిదేళ్లు వెళ్ళనేలేదు.
అన్నీ తెలుసుననుకున్నాను. పాడిందే పాట.
సుద్దముక్క కూడా దారి కంఠతా పట్టేసింది.
ఓ జూన్‌లో కొత్త ఇన్‌స్పెక్టర్ బలవంతాన పంపితే
వెనక వరసలో అల్లిక సూదులతో కూర్చున్నాను.
గొంతు వణికే ఒక కుర్రాడు లేచి
తను చెడగొట్టిన పాఠం గురించి చెప్పాడు.
చెడగొట్టిన పాఠం!
ఎక్కడ తొందరపడ్డాడో, ఏ పిల్ల ఏడ్చిందో, దాచకుండా.
నా సూది మీంచి కుట్టు జారింది.
అలాంటివి నా దగ్గర ఎన్ని మూటలున్నాయో,
ఒక్కటీ ఎవరి ముందూ విప్పలేదు.

ఆ సాయంత్రం రిజిస్ట్రేషన్ బల్ల ఖాళీ అయింది,
ఎవరూ తీసుకోని ఒక్క బ్యాడ్జీ తప్ప.
రొసాల్బా మార్చిలోనే పోయిందని
కుర్చీలు మడిచే మనిషి చెప్పాడు.

పోయినేడు నన్నే మాట్లాడమన్నారు.
గదిలో నలుగురు. అందులో ఒకమ్మాయి దారి తప్పి వచ్చింది.
పళ్లెంలో పంచదార పోసి చూపించాను.
ఇది నాది కాదని చెప్పి
ఎవరిదో ఆ పేరు బోర్డు మీద పూర్తిగా రాశాను.
దారి తప్పినమ్మాయే చివరిదాకా కూర్చుంది.

తిరుగు పడవ నడిపింది నోల్బెర్తో.
ముప్ఫై ఎనిమిదేళ్లు, గడ్డంలో ఉప్పు.
"అలిసిపోతే ఇప్పటికీ తారుమారవుతాయి టీచర్,
అప్పుడు తొడమీద గీసుకుంటాను" అన్నాడు.
నా మెడలో బ్యాడ్జీ కేసి చూసి ఆగాడు.
చుక్కాని మీద వేలు మెల్లగా కదిలింది.
"పేరు తప్పు రాశారు టీచర్," అన్నాడు,
"పొట్ట అటువైపు ఉండాలి."